అయ్యగారి మేడ మీదికి రెండు తీగలు

పాస్టరు ఐజాక్ గారు కళ్ళు మూసుకుని, "మాతో ఒక్క మాట మాట్లాడు తండ్రీ" అని వేడుకుని, ఇక అందరూ కాసేపు మౌనంగా ప్రార్థించమన్నారు.

చర్చి నిశ్శబ్దమైంది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. బయట సన్నగా చినుకులు పడుతున్నాయి. కీబోర్డు ముందు కూర్చున్న ఆయన కూతురు కరుణశ్రీ కూడా తల వంచుకుంది.

అప్పుడు స్పీకరు మాట్లాడింది.

మాట్లాడిందంటే మనకి తెలిసిన భాషలో కాదు. "గ్వర్ర్... గ్వా గ్వా... వ్వర్ర్ గ్వక్" అంటూ, ఎవరో నీళ్ళు పుక్కిలిస్తూ ఉపన్యాసం ఇస్తున్నట్టుంది. కాసేపు ఆగింది. ఊపిరి పీల్చుకుందేమో, మళ్ళీ అందుకుంది.

ముందు వరసలో చాప మీద కూర్చున్న పిచ్చమ్మ రెండు చేతులూ పైకెత్తేసింది. "అన్యభాష! అయ్యగారూ, అన్యభాష!"

ప్రార్థనలో ఉన్నవాళ్ళ మీదికి ఆత్మ దిగివచ్చి, వాళ్ళకే తెలియని భాషలో మాట్లాడిస్తుందని ఆ ముసలావిడ నమ్మకం. ఇన్నేళ్ళూ మనుషుల నోట విన్నదే గానీ, స్పీకరు నోట వినడం అదే మొదలు. ఇక సంఘపెద్ద అంకారావు అయితే దబ్బున మోకాళ్ళ మీద పడ్డాడు. పడి ఊరుకున్నాడా, అర్థం కూడా చెప్పేశాడు.

"ప్రహరీ గోడ కట్టమంటోంది అయ్యగారూ! నాకు స్పష్టంగా తెలుస్తోంది!"

చర్చికీ పక్కనున్న సుబ్బాయమ్మ గారి మేడకీ మధ్య గోడ కట్టాలని అంకారావు చాలాకాలంగా ప్రతి కమిటీ మీటింగులోనూ పోరుతున్నాడు. దైవబలం తోడవుతుందని మాత్రం ఆయన కూడా అనుకోలేదు.

కరుణశ్రీ తల ఎత్తి కిటికీలోంచి బయటికి చూసింది. ఆమె స్కూల్లో లెక్కల టీచరు. ఏదైనా వింత జరిగితే, దానికి ముందు ఏం మారిందా అని వెతకడం ఆమెకి అలవాటు. నిన్నటికీ ఇవాళ్టికీ మారింది ఒక్కటే. సుబ్బాయమ్మ గారి మేడ మీద, నిన్న లేని సన్నటి పొడుగు గొట్టం ఒకటి మూడు తాళ్ళు కట్టుకుని ఆకాశంలోకి నిలబడి ఉంది.

ఆమెన్ అనడం ఆలస్యం, కరుణశ్రీ ఆ మేడ మెట్లు ఎక్కేసింది.

మేడ మీద ఒంటి గది. తలుపు బార్లా తీసుంది. చెవులకి పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకున్న కుర్రాడొకడు, గుమ్మానికి వీపు పెట్టి, చేతిలో మైకు పట్టుకుని గలగలా ఇంగ్లీషులో మాట్లాడేస్తున్నాడు. రెడ్డిగూడెంలో వాళ్ళ మామిడితోట గురించి, తిరువూరులో పడుతున్న వాన గురించి, మిరపకాయ బజ్జీల గురించి. అంత హుషారుగా మాట్లాడే మనిషిని మధ్యలో ఆపడానికి ఎవరికైనా మనసొప్పదు. కరుణశ్రీకి ఒప్పింది. తలుపు మీద గట్టిగా కొట్టింది.

అతను వెనక్కి తిరిగాడు. అంతే, ఆ గలగల అంతా ఎక్కడికో పోయింది. నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు.

"మా చర్చిలో మాట్లాడింది మీరేనా?"

"నేనా? కాదండీ. నేను... ఇండోర్‌తో మాట్లాడుతున్నాను."

"ఇండోర్‌తో మాట్లాడితే మా పిచ్చమ్మ గారికెందుకు వినబడింది?"

"వినబడిందా?" అతని మొహంలో ముందు ఆశ్చర్యం, ఆ వెంటనే అర్థమైనట్టు ఒక భయం. "ఎలా వినబడిందండీ? పుక్కిలించినట్టా?"

"అచ్చంగా."

"అయ్యో. నాదే." అతను హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు. "ఈ రేడియో మాటని ఒక పద్ధతిలో మడతపెట్టి పంపిస్తుందండీ. విప్పే రిసీవరు ఉంటేనే అది మాట. మీ స్పీకరుకి విప్పడం రాదు కదా, అందుకని అలా..."

"విప్పడం రాకపోయినా మా అంకారావు అంకుల్ అర్థం చెప్పేశారు. గోడ కట్టమన్నారట మీరు."

అతనికి ఏం అర్థమైందో గానీ, "సారీ అండీ" అన్నాడు. కరుణశ్రీకి కోపంగా ఉండాలని గట్టిగానే ఉంది. కానీ అంకారావు మోకాళ్ళ మీద పడిన తీరు గుర్తొచ్చి నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకోలేక గోడవైపు తిరిగింది.

అతని పేరు జయకర్. సబ్‌స్టేషన్లో ఆపరేటరు. పరీక్ష రాసి అమెచ్యూర్ రేడియో లైసెన్సు తెచ్చుకున్నాడు. నెట్టూ, టవరూ ఏమీ లేకుండా, తన గదిలోంచి సొంతంగా గాలిలోకి మాట పంపి, ఎక్కడో ఉన్న తనలాంటి వాళ్ళతో కబుర్లు చెప్పుకోవడం అతని సరదా. ఇదంతా అతను నాలుగైదు ముక్కల్లో, నేల చూస్తూ చెప్పాడు.

"మరి ఈ కర్రేంటి? వేరే రకం దొరకలేదా?"

యాంటెన్నా గురించి అడగ్గానే అతనికి కాస్త ధైర్యం వచ్చింది. "చాలా చూశానండీ. తీగ యాంటెన్నా కట్టాలంటే రెండు పక్కలా రెండు స్తంభాలు కావాలి. ఈ మేడ ఎంతండీ, నాలుగు దుప్పట్లు ఆరేస్తే అయిపోతుంది. చేపముల్లులా ఉండేదైతే తిప్పడానికి పెద్ద టవరే కావాలి, సుబ్బాయమ్మ గారు నన్నే తిప్పి కొడతారు. ఇదైతే ఒంటికాలి మీద నిలబడుతుంది. నాలుగు బ్యాండ్లకీ ఇదొక్కటే. అన్ని వైపులా ఒకేలా వింటుంది."

"మధ్యలో ఆ డబ్బాలు? ఎముక విరిగితే కట్టు కట్టినట్టున్నాయి."

"ట్రాపులండీ. ఏ బ్యాండుకి ఎంత పొడవు కావాలో అక్కడికి కరెంటుని ఆపేస్తాయి. నలభై మీటర్ల బ్యాండుకి మొత్తం గొట్టం పనిచేస్తుంది, పదికి కింద ముక్కే."

ఇంకా చెప్పేవాడే. ఇంతలో మెట్ల మీద అంకారావు కనబడ్డాడు. వెనక మరో నలుగురు. తను మోకరిల్లింది ఒక కరెంటాఫీసు కుర్రాడికని అప్పటికే ఎవరో ఆయనకి చెప్పినట్టున్నారు. మొహం ఎర్రగా ఉంది.

"దించెయ్! ఆ గొట్టం ఇప్పుడే దించెయ్!"

"అంకుల్, కాస్త ఆగండి. బాగుచేస్తానంటున్నారు కదా" అంది కరుణశ్రీ. అతను అలా అననే లేదు. అయినా ఆమె నోటికి అలా వచ్చేసింది.

పంచాయితీ కాసేపు నడిచింది. కింద నుంచి సుబ్బాయమ్మ గారు, "చర్చి వాళ్ళతో తగువు నాకెందుకు బాబూ, వాళ్ళు ఊఁ అంటే ఉంచుకో, ఉఁహూఁ అంటే తీసెయ్" అని కేకేసి లోపలికి వెళ్ళిపోయింది. చివరికి ఐజాక్ గారే వచ్చి తీర్పు చెప్పారు. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక పరీక్ష. స్పీకర్లన్నీ పెట్టి ఉంచుతారు. జయకర్ నాలుగు బ్యాండ్లలోనూ మాట్లాడాలి. స్పీకరు కిక్కురుమన్నా గొట్టం దించాల్సిందే.

జయకర్ తలూపాడు. గొట్టం వైపు ఒకసారి చూసుకున్నాడు. ఆ చూపు కరుణశ్రీకి నచ్చింది. ఎందుకు నచ్చిందో ఆమె ఆలోచించలేదు.

మర్నాడు సాయంత్రం స్కూలు నుంచి వస్తూ ఆమె మళ్ళీ ఆ మెట్లెక్కింది. స్పీకరు తనది, కీబోర్డు తనది కాబట్టి ఎక్కడం తన బాధ్యత అని తనకి తనే చెప్పుకుంది.

"యాంటెన్నాతో ఇచ్చిన పుస్తకం ఉందా?"

జయకర్ పెట్టెలోంచి పల్చటి కాగితాల కట్ట తీసి ఇచ్చాడు. ఆమె పిట్టగోడ మీద కూర్చుని మొదటి పేజీ నుంచి చదివింది. అతను చేతులు కట్టుకుని పరీక్ష హాల్లో కుర్రాడిలా నిలబడ్డాడు.

"ఇక్కడ రేడియల్స్ అని ఉంది. అడుగునుంచి నాలుగు వైపులా తీగలు పరవాలట. ఎక్కడున్నాయవి?"

"ఎర్త్ ఇచ్చానండీ." మెల్లగా అన్నాడు. "కిందికి రాడ్డు దింపి, మందపాటి వైరు వేసి. మా సబ్‌స్టేషన్లో దేనికైనా ఎర్త్ గట్టిగా ఉంటే చాలు."

"ఇది సబ్‌స్టేషన్ కాదుగా. 'ఈ గొట్టం యాంటెన్నాలో సగమే, తీగలు మిగతా సగం' అని అచ్చులో ఉంది. మిగతా సగం దొరక్క, మీ మాట ఆ ఎర్త్ వైరు పట్టుకుని గోడ వెంట కిందికి దిగింది. అక్కడ మా స్పీకరు తీగ ఉంది." ఆమె వంగి చూపించింది. నిజమే. రెండు తీగలూ గోడ మీద పక్కపక్కనే కబుర్లాడుకుంటున్నట్టున్నాయి.

జయకర్ నుదురు కొట్టుకున్నాడు. "ఆ పేజీ చూశానండీ. నలభై మీటర్ల బ్యాండు తీగలకి మేడ చాలదని తిప్పేశాను."

"మా ఎనిమిదో తరగతి పిల్లలూ అంతే. కష్టమైన లెక్క ఉన్న పేజీ తిప్పేస్తారు." కాగితాలు మడిచి ఇచ్చింది. "పొట్టి తీగలు మీ మేడ మీద పరవండి. పొడుగువి రెండూ సందు అవతల మా మేడ మీదికి లాగండి. అమ్మని నేను ఒప్పిస్తాను."

అలా అయ్యగారి ఇంటి మేడ మీదికి రెండు తీగలు వచ్చాయి. సుబ్బాయమ్మ గారి పిట్టగోడ నుంచి బయల్దేరి, సందు దాటి, పాస్టరు గారి నీళ్ళ ట్యాంకు పక్కన పాతిన వెదురు గడలకి చేరాయి. మనిషి చెయ్యి తగలకుండా ఎత్తుగా కట్టాడు జయకర్.

కట్టే రోజున వాన మొదలైంది. తిరువూరు వాన సంగతి తెలిసిందే, వస్తానని చెప్పదు, వచ్చాక పోతానని చెప్పదు. యాంటెన్నా అడుగున కేబులు బిగించే చోట జయకర్ మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. కరుణశ్రీ గొడుగు తెచ్చి అతని తల మీద పట్టింది.

"నాకు కాదండీ, కనెక్టరుకి!" కంగారుగా అన్నాడు. "దానిలోకి నీళ్ళు దిగితే అంతే."

"ఓహో. తమరు తడిసినా ఫర్వాలేదా?"

"నేను ఆరతానండీ. అది ఆరదు."

ఆమె బుద్ధిగా గొడుగు కనెక్టరు మీదికి జరిపింది. అతను టేపు చుట్టాడు, మళ్ళీ చుట్టాడు. ఇద్దరూ నిలువునా తడిశారు. అతని కనురెప్పల మీంచి నీళ్ళు కారుతున్నాయి. అతను పైకి చూసి, ఆమె తనవైపే చూస్తోందని తెలిసి, టేపు చుట్టిన చోటే మరోసారి చుట్టాడు.

"చాలు. ఇక ఊపిరాడదు దానికి" అంది కరుణశ్రీ.

తర్వాత చర్చిలోకి వచ్చి, స్పీకరు తీగలకీ మైకు తీగకీ ఫెరైట్ పూసలు తొడిగాడు. నల్లగా, ఉంగరాల్లా ఉంటాయవి. కొంటె గాలి మాటలేవైనా తీగ వెంట వస్తే అక్కడే ఆపుతాయట. టీ తెచ్చిన కరుణశ్రీ తల్లి ప్రేమావతి చూసి, "ఏంటి బాబూ, మా స్పీకరుకి నల్లపూసలు కడుతున్నావ్?" అంది. జయకర్ చేతిలో పూస జారి కీబోర్డు కింద పడింది. దాన్ని వెతకడానికి అతనికి చాలాసేపు పట్టింది.

బుధవారం ఒక ఉపద్రవం. జయకర్ రేడియో పెట్టి మీటరు చూస్తే ముల్లు ఎర్రగీత దాటి వణుకుతోంది. రాత్రి దాకా బంగారంలా ఉన్న యాంటెన్నాకి ఏమొచ్చిందో తెలియక గది బయటికి పరుగెత్తాడు. ఎదురు మేడ మీద రెండు తీగలకీ ప్రేమావతి గారి తడి చీరలు మూడు, అయ్యగారి తెల్ల పంచెలు రెండు జెండాల్లా ఎగురుతున్నాయి. చెయ్యి అందకపోతేనేం, కొక్కెం కర్రతో ఎత్తి మరీ ఆరేసింది.

"అమ్మగారూ! ముట్టుకోకండి! కాలుతుంది!"

"నా ఇంటి మీద తీగ కట్టి నన్నే ముట్టుకోవద్దంటావా?" ప్రేమావతి నడుం మీద చెయ్యి వేసుకుంది. "చీర తగిలితే కందిపోయే తీగ ఎందుకయ్యా?"

జయకర్ గబగబా మెట్లు దిగాడు. బజారుకి వెళ్ళి నైలాన్ తాడు తెచ్చి, అదే మేడ మీద, ఎండ బాగా పడే వైపు, చక్కటి దండెం కట్టాడు. మధ్యలో వేలాడకుండా ఒక ఊతం కూడా పెట్టాడు. చీరలు తనే జాగ్రత్తగా తీసి ఆ తాడు మీద ఆరేశాడు. ప్రేమావతి చూస్తూ నిలబడింది. ఆ సాయంత్రం టీతో పాటు పకోడీలు కూడా వచ్చాయి.

ఇదంతా చూస్తున్న కరుణశ్రీకి వారం చాలా త్వరగా గడిచిపోతున్నట్టు అనిపించింది. స్కూల్లో పిల్లలకి లెక్క చెబుతూ మధ్యలో ఆగిపోయి, "ఎక్కడున్నాం?" అని వాళ్ళనే అడిగింది. ఎదురుగా ఉంటే పది మాటలు కూడా మాట్లాడని మనిషి, సాయంత్రాలు రేడియోలో ఎవరెవరితోనో ఎంత బాగా మాట్లాడతాడో! ఆ మాటలు వినడానికే ఆమె బట్టలు తీసే వంకతో మేడ ఎక్కుతోంది. ఆరని బట్టలు కూడా తీసేస్తోంది.

శుక్రవారం అలాగే ఎక్కింది. కిటికీలోంచి అతని గొంతు స్పష్టంగా వస్తోంది. విజయవాడలో ఎవరో స్నేహితుడితో తెలుగులోనే మాట్లాడుతున్నాడు.

"ఎ.కొండూరులో గది చూశానండీ. విశాలమైన పెరడు. చుట్టూ చర్చి లేదు, స్పీకరు లేదు. తీగలు ఎన్నైనా పరుచుకోవచ్చు. ఆదివారం తర్వాత... ఓవర్."

కరుణశ్రీ చేతిలో సగం తడి తువ్వాలు ఉంది. అది అలాగే పట్టుకుని నిలబడిపోయింది. తనేమో వానలో తడిసి గొడుగు పట్టింది. అమ్మని ఒప్పించింది. అంకారావు అంకుల్‌తో మాటపడింది. ఈయనగారేమో పెరడు చూసుకున్నాడు!

హెడ్‌ఫోన్లు తీసి బయటికొచ్చిన జయకర్‌కి ఎదురు మేడ మీద ఆమె కనబడింది.

"పెరడు బాగుందటగా?"

"అది... ఆదివారం ఒకవేళ..."

"ఒకవేళ?"

అతను నోరు తెరిచాడు. మూశాడు. ఆమె పిట్టగోడ దగ్గరికి వచ్చింది. అతను గొంతు సవరించుకుని, "తువ్వాలు ఇంకా తడిగా ఉన్నట్టుందండీ" అన్నాడు.

కరుణశ్రీ విసురుగా దిగిపోయింది. మెట్ల మధ్యలో కూర్చుంది. గొట్టం పోతే పోనీ, తనకేమిటి అనుకోవాలని చూసింది. అనుకోలేకపోయింది. పోయేది గొట్టం కాదు, అతను. అతను వెళ్ళిపోతే తనకి ఏడుపొస్తుంది. అంత తేలిగ్గా తేలిపోయింది లెక్క. జవాబు తెలిశాక ఆమెకి మరింత కోపం వచ్చింది.

ఆదివారం ఆరాధన అయ్యాక ఒక్కరూ ఇంటికి కదల్లేదు. చాపలు సర్దుకుని మరీ కూర్చున్నారు. జయకర్ గుమ్మం దగ్గర తెల్ల చొక్కాలో నిలబడ్డాడు. అంకారావు లేచి గొంతు సవరించుకున్నాడు.

"నాకో అనుమానం. ఇతను పైకి వెళ్ళి నోరు మూసుకుని కూర్చుంటే? స్పీకరు నిశ్శబ్దంగా ఉందని మనం సంబరపడాలా?"

ఆ ప్రశ్నకి జయకర్ సిద్ధంగా ఉన్నాడు. జేబులోంచి చిన్న రిసీవరు తీశాడు. "దీనికి విప్పడం వచ్చండీ. నేను మాట్లాడేది ఇందులో వినబడుతుంది. ఒకటో మీట నొక్కితే నలభై మీటర్లు, రెండు ఇరవై, మూడు పదిహేను, నాలుగు పది. చెవిలో పెట్టుకుని ఎవరైనా విని చెప్పొచ్చు."

"ఎవరు వింటారు?"

"అయ్యగారి అమ్మాయి వింటుంది" అంది పిచ్చమ్మ. "లెక్కల టీచరు. అందులోనూ చర్చిలో అబద్ధం చెప్పదు."

అందరూ సరేనన్నారు. జయకర్ రిసీవరు కరుణశ్రీ చేతికిచ్చాడు. ఆమె అతని మొహం చూడకుండా తీసుకుంది. ఏరియల్ పూర్తిగా లాగి, ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుని, కిటికీ పక్కన మైకు దగ్గర నిలబడింది.

ఒకటో మీట. చెవిలో అతని గొంతు చల్లగా పలికింది. పెద్ద స్పీకరు నిశ్శబ్దంగా ఉంది.

"ఏమంటున్నాడు?" అంకారావు.

"కాల్ సైన్, అంటే తన రేడియో పేరు, చెబుతున్నారు అంకుల్. టెస్టింగ్ అంటున్నారు."

రెండో మీట. స్పీకరు నిశ్శబ్దం.

"ఇప్పుడు?"

"తిరువూరులో మబ్బుగా ఉందంటున్నారు."

మూడో మీట. స్పీకరు నిశ్శబ్దం. అంకారావు దాని దగ్గరికి వెళ్ళి చెవి ఆనించి మరీ విన్నాడు.

"ఇప్పుడేమంటున్నాడు?"

"అమ్మ పకోడీలు చాలా బాగున్నాయట."

సంఘమంతా ప్రేమావతి వైపు చూసింది. ప్రేమావతి కొంగు సర్దుకుంది.

కరుణశ్రీ నాలుగో మీట నొక్కింది. మొదట గాలి చప్పుడు. తర్వాత అతని గొంతు, కాస్త వణుకుతూ.

"ఇది పది మీటర్లు. ఈ బ్యాండు చాలా రోజులుగా ఖాళీగా ఉంది. మీరొక్కరే వింటున్నారు కాబట్టి చెప్పేస్తున్నాను. కరుణశ్రీ గారూ, ఎదురుగా మనిషి ఉంటే నాకు మాట రాదు. కనబడనివాళ్ళతో ఎంతసేపైనా మాట్లాడతాను. ఇన్నాళ్ళూ అలా బాగానే గడిచిపోయింది..."

"ఏమంటున్నాడమ్మాయ్?" అంకారావు.

కరుణశ్రీ చెంపలు వేడెక్కాయి. అబద్ధం చెప్పకూడదు. నిజం చెబుదామంటే నోట మాట రాదు. ఒక్క క్షణం తండ్రి వైపు చూసింది. చెవిలో అతను ఆగకుండా చెబుతూనే ఉన్నాడు. ఆమె ఇయర్‌ఫోన్ పిన్ను పట్టుకుని లాగేసింది.

రిసీవరు బయటికే మాట్లాడటం మొదలుపెట్టింది.

"...మొన్న వానలో మీరు నేను చెప్పినట్టే కనెక్టరుకి గొడుగు పట్టారు. అప్పటినుంచి నాకు ఏ మీటరూ సరిగ్గా కనబడట్లేదు..."

వెనక్కి వెళ్ళి కూర్చున్న పిచ్చమ్మ గొంతెత్తింది. "నాకు వినబడట్లేదమ్మాయ్! మైకు దగ్గర పెట్టు!"

కరుణశ్రీ రిసీవరుని మైకు దగ్గరికి జరిపింది. పెద్ద స్పీకరూ, బయట చర్చి కప్పు మీదున్న హారనూ ఒక్కసారి పలికాయి.

"...ఎ.కొండూరులో పెరడు బాగుందండీ. కానీ అక్కడ పక్క మేడ మీద మీరుండరు. నాకు అక్కడికి వెళ్ళాలని లేదు. మీరంటే నాకు చాలా ఇష్..."

కుయ్య్‌మని ఒక కూత. తన గొంతు ఊరంతా వినబడటం మేడ మీద జయకర్ చెవిన పడింది. స్విచ్చి వదిలేశాడు.

చర్చిలో ఎవరూ ఊపిరి తీయలేదు. ఒక్క పిచ్చమ్మే రెండు చేతులూ పైకెత్తి, "ఈసారి తెలుగులోనే చెప్పింది!" అంది.

అప్పుడు రిసీవరులోంచి, గాలి అలల మీద తేలుతూ మరో గొంతు వచ్చింది. పెద్దాయన గొంతు.

"హలో హలో. పోర్ట్ బ్లెయిర్ నుంచి మాట్లాడుతున్నానండీ. ఇక్కడ మీ సిగ్నల్ ఖంగుమంటోంది. మేమూ తెలుగువాళ్ళమే. మా ఆవిడ కూడా పక్కన కూర్చుని మొత్తం వింది. ఆ అమ్మాయి ఏమందో తెలిస్తే గానీ అన్నం పెట్టదట. త్వరగా చెప్పండి. ఓవర్."

చర్చి అంతా గొల్లుమంది. కరుణశ్రీ రిసీవరుని కిటికీలో పెట్టి, మైకు రెండు చేతులతో పట్టుకుంది. గుండె ఎంత గట్టిగా కొట్టుకుంటోందంటే, అది కూడా హారన్లో వినబడుతుందేమోనని భయం వేసింది.

"జయకర్ గారూ, కరుణశ్రీని మాట్లాడుతున్నాను. ఎ.కొండూరు గది వాళ్ళకి రానని చెప్పేయండి. నాకూ మీరంటే ఇష్టమే. మిగతాది కిందికి దిగి, ఎదురుగా నిలబడి మా నాన్నగారితో మాట్లాడండి. పేజీ తిప్పేయకండి. ఓవర్."

మేడ మెట్ల మీద దబదబా అడుగుల చప్పుడు. జయకర్ వచ్చి ఐజాక్ గారి ముందు నిలబడ్డాడు. నోరు తెరిచాడు. మూశాడు.

"ఏం బాబూ" అన్నారు ఐజాక్ గారు. "పోర్ట్ బ్లెయిర్ దాకా వినబడేట్టు చెప్పావు. మూరెడు దూరంలో ఉన్నాను, నాకు చెప్పలేవా?"

జయకర్ కరుణశ్రీ వైపు చూశాడు. ఆమె తలూపింది.

"మీ అమ్మాయిని పెళ్ళి చేసుకుంటానండీ." ఒక్క గుక్కలో అనేశాడు. అని, తనే ఆశ్చర్యపోయాడు.

అంకారావు ముందుకొచ్చాడు. "తొందరపడకండి అయ్యగారూ. కుర్రాడు ఆర్.సి.ఎం., కాథలిక్కుల అబ్బాయి. మన సంఘం కాదు."

"ఊరుకోవయ్యా" అంది పిచ్చమ్మ. "పుక్కిలిస్తే మోకాళ్ళ మీద పడ్డావు. తెలుగులో శుభ్రంగా అడిగితే అడ్డమొస్తావా?"

అంకారావు వెనక్కి తగ్గాడు. ఐజాక్ గారు భార్య వైపు చూశారు. ప్రేమావతి, "నన్నడుగుతారేంటి? దండెం కట్టిన రోజే అనుకున్నాను" అంది. ఆయన జయకర్ తల మీద ఒక చెయ్యి, కూతురి తల మీద ఒక చెయ్యి వేశారు. ఆయన కళ్ళు చెమర్చాయి. "రెడ్డిగూడెం నుంచి మీ పెద్దవాళ్ళని తీసుకురా బాబూ. కూర్చుని మాట్లాడుకుందాం."

కిటికీలో రిసీవరు గరగరమంది. "ఏమైందండీ? ఇక్కడ అన్నం చల్లారిపోతోంది. ఓవర్."

జయకర్ ఉలిక్కిపడ్డాడు. పిలిచిన స్టేషన్ని అలా వదిలేయడం ఏ రేడియోవాడికీ చేతకాదు. "ఇప్పుడే వస్తానండీ" అని ఎవరికో చెప్పి, వచ్చినంత వేగంగానూ మెట్లెక్కేశాడు.

సంఘమంతా ఆ చిన్న డబ్బా చుట్టూ మూగింది. కరుణశ్రీ దాన్ని అరచేతిలో పెట్టుకుంది.

"పోర్ట్ బ్లెయిర్, ఆలస్యానికి ఏమనుకోకండి. ఒప్పుకున్నారండీ. అందరూ ఒప్పుకున్నారు. అమ్మగారిని అన్నం పెట్టమనండి. ఓవర్."

గొంతు వణకలేదు. చిన్న డబ్బాలో ప్రతి అక్షరం తేటగా వినబడింది. పెద్ద స్పీకరు మాత్రం కిక్కురుమనలేదు. అంకారావు దానివైపు చాలాసేపు చూశాడు. ఏమీ రాకపోయేసరికి నిట్టూర్చి, "గొట్టం ఉంచుకోమనండి" అన్నాడు.

పిచ్చమ్మ చేతికర్ర అందుకుని లేచింది. "అయితే అమ్మాయ్, ఈ పెద్ద స్పీకరు ఇంక దానంతటది మాట్లాడదా?"

"మాట్లాడదు పిచ్చమ్మ గారూ."

పిచ్చమ్మ కిటికీలోంచి, సందు మీదుగా సుబ్బాయమ్మ గారి మేడ నుంచి అయ్యగారి మేడకి లాగిన రెండు తీగల వైపు చూసింది.

"పోనీలే" అంది. "ఇక మధ్యలో గోడ కూడా అక్కర్లేదు."